ఒక్కరి వీసా, ఇంటిల్లిపాది బతుకు

అమెరికాలో అరోరా పేరుతో పెద్ద ఊళ్ళు రెండున్నాయి. ఒకటి ఇల్లినాయ్ రాష్ట్రంలో, షికాగోకి పడమరగా నలభై మైళ్ళ దూరాన, ఫాక్స్ నది ఒడ్డున ఉంది. తెలుగువాళ్ళకి అది సలివాన్ రోడ్డు మీద బాలాజీ గుడి ఉన్న ఊరు. రెండోది కొలరాడోలో డెన్వర్‌ని ఆనుకుని ఉంది. 2024 అక్టోబరు 11న డొనాల్డ్ ట్రంప్ ఈ రెండో అరోరాలో ఎన్నికల సభ పెట్టారు. 1798 నాటి ఏలియన్ ఎనిమీస్ చట్టాన్ని బయటికి తీసి వలసదారుల్ని ఏరిపారేస్తానని, ఆ పనికి ‘ఆపరేషన్ అరోరా’ అని పేరు పెడతానని ప్రకటించారు. మొదటి అరోరాలో ఉన్న మనవాళ్ళలో చాలామందికి అది వేరేవాళ్ళ గొడవగానే వినిపించింది. మనం లైన్లో నిలబడి వచ్చినవాళ్ళం, పన్నులు కట్టేవాళ్ళం, మనకేం భయం అనుకున్నారు. ఏడాది తిరక్కుండానే ఆ ధీమా సడలిపోయింది.

వలస విధానాల గురించి మన పత్రికల్లో వచ్చేదంతా అంకెల చుట్టూ తిరుగుతుంది. లాటరీలో ఎన్ని తగిలాయి, ఫీజు ఎంత పెరిగింది, డేట్ ఎన్ని నెలలు కదిలింది. నాకు కనబడే అసలు చిక్కు వేరు. అమెరికా చట్టం ఉద్యోగం మీద వచ్చినవాణ్ణి ఒంటరి మనిషిగా చూస్తుంది. అతని భార్య, పిల్లలు అతని కాగితం మీద ఆధారపడినవాళ్ళు, అంతే. గ్రీన్‌కార్డుల కోటా తరగడానికి మాత్రం ఆ భార్యాపిల్లలు తలకొకటి చొప్పున లెక్కలోకి వస్తారు. హక్కుల దగ్గరికి వచ్చేసరికి లెక్కలో ఉండరు. అందుకే నియమం మారిన ప్రతిసారీ దెబ్బ ముందుగా తగిలేది దరఖాస్తుదారుకి కాదు, అతని ఇంట్లోవాళ్ళకి.

ఇది ఈనాటి సంగతి కాదు. భీమవరంలో పుట్టిన శాస్త్రవేత్త యల్లాప్రగడ సుబ్బారావు 1923 అక్టోబరులో బోస్టన్ చేరారు. అప్పటికి అమలులో ఉన్న 1917 చట్టం ఆసియాలో చాలా భాగం నుంచి వలసను నిషేధించింది. చదువుకోవడానికి వచ్చేవాళ్ళకి మాత్రం సందు ఉంది. ఆ ఏడాది ఫిబ్రవరిలోనే భగత్‌సింగ్ థిండ్ కేసులో సుప్రీంకోర్టు భారతీయులకు పౌరసత్వం చెల్లదని తీర్పు చెప్పింది. మరుసటి ఏడు వచ్చిన చట్టం, పౌరసత్వానికి అర్హత లేనివాళ్ళు వలస రావడానికే వీల్లేదంది. సుబ్బారావు గర్భవతి అయిన భార్య శేషగిరిని వదిలి ఓడ ఎక్కారు. ఆ తరవాత పుట్టిన కొడుకు పసితనంలోనే పోయాడు. భార్యాభర్తలు మళ్ళీ కలుసుకోలేదు. చట్టం ఒక్కటే దానికి కారణమని నేను అనను. డబ్బు ఇబ్బందులున్నాయి, ఆయన పని పిచ్చి ఉంది. కానీ ఆయన వెళ్ళి ఆమెను తెచ్చుకుందామనుకున్నా తలుపు తెరిచి లేదు. 1946లో లూస్-సెల్లర్ చట్టం ఏడాదికి వందమంది భారతీయులకి దారి ఇచ్చింది. 1948 ఆగస్టులో ఆయన కన్నుమూశారు.

1965 అక్టోబరు 3న లిండన్ జాన్సన్ స్వేచ్ఛా విగ్రహం పాదాల దగ్గర సంతకం పెట్టిన చట్టం కథ మార్చింది. జాతుల వారీ కోటాలు పోయాయి. ఆంధ్రా మెడికల్ కాలేజీ నుంచి, ఉస్మానియా నుంచి, గుంటూరు నుంచి డాక్టర్లు బయల్దేరారు. ఆ తరం వాళ్ళు ఇవాళ తమ రాకను కష్టార్జితంగా చెప్పుకుంటారు, నిజమే. దాంతోపాటు చెప్పాల్సింది ఇంకోటుంది. వాళ్ళలో చాలామంది కుటుంబంతో, శాశ్వత నివాస హోదాతో దిగారు. పౌరసత్వం రాగానే అన్నదమ్ముల్నీ అక్కచెల్లెళ్ళనీ పిలిపించుకున్నారు. షికాగో చుట్టుపక్కల తెలుగు సంఘాలు, 1980లలో కట్టిన అరోరా గుడి, లెమాంట్ గుడి ఆ స్థిరత్వంలోంచి పుట్టినవే. రేపు ఇక్కడే ఉంటామని తెలిసినవాళ్ళే గుడి కట్టడానికి పూనుకుంటారు.

1990 చట్టం దగ్గర దారి రెండుగా చీలింది. హెచ్-1బి వీసాకి నేటి రూపం ఇచ్చింది అదే. ఏడాదికి 65,000 పరిమితి పెట్టిందీ అదే. 2004లో అమెరికాలో మాస్టర్స్ చేసినవాళ్ళకి ఇంకో 20,000 కలిపారు. ఉద్యోగం మీద ఇచ్చే గ్రీన్‌కార్డులు ఏడాదికి 1,40,000 అని, ఏ ఒక్క దేశానికీ అందులో ఏడు శాతం మించరాదని కూడా ఆ చట్టమే చెప్పింది. వైటూకే రోజుల్లో హైదరాబాదు అమీర్‌పేట నుంచి విమానాలు ఎక్కిన కుర్రాళ్ళకి ఈ రెండో అంకె గురించి ఎవరూ చెప్పలేదు. తాత్కాలిక వీసాలు ఇచ్చేటప్పుడు దేశం లెక్క లేదు. 2024 ఆర్థిక సంవత్సరంలో ఆమోదించిన హెచ్-1బిల్లో 71 శాతం భారతీయులవే. శాశ్వత హోదా ఇచ్చేటప్పుడు మాత్రం దేశం లెక్క ఉంది. వెడల్పైన గుమ్మంలోంచి లోపలికి రానిచ్చి, అవతలి గదికి కిటికీ సందు పెట్టినట్టు.

ఆ సందు ఎంతో చూద్దాం. పై చదువులవాళ్ళ కేటగిరీ అయిన ఈబీ-2 కోటా 1,40,000లో సుమారు 28.6 శాతం, అంటే నలభై వేలు. అందులో ఇండియా వాటా ఏడు శాతం, అంటే దాదాపు 2,800. మిగిలిపోయినవి ఏవైనా కలిసొస్తే వేరు. ఈ 2,800లో ఉద్యోగి ఒక్కడే కాదు, భార్యకి ఒకటి, ఇండియాలో పుట్టిన ప్రతి పిల్లవాడికి ఒకటి పోతాయి. ఇద్దరు పిల్లలున్న ఇల్లయితే ఒక్క ఇంటికే నాలుగు. అంటే ఏడాదికి ఏడువందల ఇళ్ళు. 2025 అక్టోబరు వీసా బులెటిన్‌లో ఇండియా ఈబీ-2 తేదీ 2013 ఏప్రిల్ 1. ఆ తేదీ తరవాత లైన్లోకి వచ్చినవాళ్ళందరూ అప్పటికి ఇంకా నిలబడే ఉన్నారు. కేటో ఇన్‌స్టిట్యూట్‌లో డేవిడ్ బియర్ 2023లో వేసిన లెక్క ప్రకారం ఈ ఉద్యోగ లైన్లో ఉన్న 18 లక్షల కేసుల్లో 11 లక్షలు భారతీయులవి. కొత్తగా చేరేవాళ్ళు 134 ఏళ్ళు ఆగాలి. నాలుగు లక్షలమందికి పైగా గ్రీన్‌కార్డు చూడకుండానే చనిపోతారని ఆయన రాశారు. ఈ లెక్క చదివినప్పుడు నవ్వేవాళ్ళని చూశాను. నవ్వడానికి అందులో ఏమీ లేదు.

అరోరా, నేపర్‌విల్ సరిహద్దులో రూట్ 59 మెట్రా స్టేషన్ దగ్గర ఒక టౌన్‌హోమ్ అనుకుందాం. ఇంటాయన 2010లో హెచ్-1బి మీద వచ్చాడు. 2014లో గ్రీన్‌కార్డు లైన్లో అతని చోటు తేదీ, అంటే ప్రయారిటీ డేట్, పడింది. 2000 సంవత్సరపు చట్టం పుణ్యాన గ్రీన్‌కార్డుకి కంపెనీ వేసిన ఐ-140 దరఖాస్తుకి ఆమోదం ఉంటే ఆరేళ్ళ పరిమితి దాటి మూడేసి ఏళ్ళు పొడిగించుకోవచ్చు కాబట్టి ఉద్యోగం సాగుతోంది. పెద్దమ్మాయి హైదరాబాదులో పుట్టి చంకనెక్కి వచ్చింది, ఇప్పుడు హైస్కూల్లో ఉంది. చిన్నవాడు ఇక్కడే పుట్టాడు, వాడిది అమెరికా వాళ్ళ నీలం పాస్‌పోర్టు. నలుగురికి మూడు హోదాలు. ఈ ఇంట్లో భద్రంగా దాచే వస్తువు బంగారం కాదు, ఐ-797 అనే ఆమోద పత్రం. దాని అడుగున చింపుకునే వీలున్న చిన్న ముక్క ఉంటుంది, దేశంలో ఎప్పటిదాకా ఉండొచ్చో చెప్పే ఐ-94 అదే. దానిమీది తేదీని పట్టుకునే డ్రైవింగ్ లైసెన్సు గడువు, భార్య పని అనుమతి గడువు, అన్నీ నడుస్తాయి. ఊరికి వెళ్ళి తిరిగొచ్చినప్పుడు విమానాశ్రయంలో అధికారి ఐ-94ని పాస్‌పోర్టు గడువు దాకా మాత్రమే ఇచ్చి, ఆ సంగతి ఇంట్లో ఎవరూ గమనించకపోతే, చేతిలోని ఐ-797 మీద ఇంకా రెండేళ్ళున్నా వాళ్ళు తెలియకుండానే చట్టవిరుద్ధంగా ఉన్నట్టే. ఇలాంటి పొరపాటు ఎక్కువగా భార్యాపిల్లల పత్రాల్లోనే బయటపడుతుంది. భర్త కాగితాల్ని కంపెనీ లాయరు చూస్తాడు. వాళ్ళవి చూసే నాథుడు ఉండడు.

ఆ ఇంటి ఇల్లాలి సంగతికి వద్దాం. హెచ్-4 మీద వచ్చిన భార్యకి 2015 దాకా ఏ పనీ చేసే హక్కు లేదు. బి.ఫార్మసీలు, ఎంసీఏలు, డెంటల్ పట్టాలు చేసినవాళ్ళు వంటింటికి పరిమితమయ్యారు. 2015 మే 26 నుంచి, భర్తకి ఐ-140 వచ్చిన వాళ్ళకి ఈఏడీ అనే పని అనుమతి కార్డు ఇవ్వడం మొదలుపెట్టారు. 2017 చివరికి ఇచ్చిన అనుమతుల్లో 93 శాతం ఇండియాలో పుట్టినవారివి, 93 శాతం ఆడవాళ్ళవి. ఇంతమంది మన ఆడపడుచుల జీవితాల్ని ఒక్కసారిగా మార్చిన నియమం ఇంకోటి లేదు. అప్పటినుంచి దాన్ని పీకేయడానికి ప్రయత్నం ఆగలేదు. రద్దు చేస్తామని 2017లో చెప్పారు, 2021లో ఆ ప్రతిపాదన వెనక్కి తీసుకున్నారు. సేవ్ జాబ్స్ యూఎస్ఏ అనే సంస్థ పదేళ్ళు కోర్టుల్లో నడిపిన కేసుని 2025 అక్టోబరులో సుప్రీంకోర్టు విచారణకు తీసుకోకుండా తోసిపుచ్చింది. నియమం బతికింది. అదే నెల 30 నుంచి, గడువు ముగిసిన ఈఏడీలకి దరఖాస్తు పెండింగులో ఉండగా దొరికే 540 రోజుల ఆటోమేటిక్ పొడిగింపును ఎత్తేశారు. రెన్యువల్‌కి గడువుకి ఆరు నెలల ముందు నుంచి మాత్రమే దరఖాస్తు పెట్టనిస్తారు. పరిశీలనకి అంతకన్నా ఎక్కువ పడితే కార్డు మీది తేదీన ఉద్యోగం ఆగిపోతుంది. హక్కు పుస్తకంలో ఉంటుంది, జీతం మాత్రం రాదు. హక్కుని కొట్టేయకుండానే కొట్టేసే పద్ధతి ఇది. పెద్ద చట్టాల కన్నా ఇలాంటి చిన్న ఉత్తర్వులు ఎక్కువ ఇళ్ళని కుదిపాయని నా అభిప్రాయం.

భార్య హోదా భర్త ఊపిరి మీద ఎంతగా ఆధారపడి ఉంటుందో 2017లో లోకమంతా చూసింది. ఫిబ్రవరి 22న కాన్సస్ రాష్ట్రం ఒలేథాలో గార్మిన్ ఇంజనీరు కూచిభొట్ల శ్రీనివాస్‌ని, ‘మా దేశం వదిలి పొండి’ అని అరిచిన ఒక తెల్లవాడు కాల్చి చంపాడు. అంత్యక్రియలకి హైదరాబాదు వచ్చిన భార్య దుమాల సునయనకి తిరిగి అమెరికా వెళ్ళే హక్కే పోయింది. ఆయన వీసా ఆయనతోనే ముగిసింది, ఆమె హోదా దానిమీదే ఉంది. హత్యకి గురైనవాడి భార్యని, ఇల్లూ జీవితమూ ఉన్న దేశం గుమ్మం బయట నిలబెట్టింది చట్టం. కాన్సస్ కాంగ్రెస్ సభ్యుడు కెవిన్ యోడర్ పూనుకుని తాత్కాలిక అనుమతి వచ్చేలా చూశారు. దేశాల వారీ ఏడు శాతం పరిమితి తీసేయాలన్న బిల్లుని ముందుండి నడిపిందీ ఆయనే. సునయన ఆ తరవాత వలసదారుల కోసం ఒక సంస్థని పెట్టి పనిచేస్తున్నారు. కెమెరాలు రాని మామూలు చావుల్లో, గుండెపోటుతోనో రోడ్డు ప్రమాదంలోనో భర్త పోయిన ఇళ్ళల్లో, ఏ కాంగ్రెస్ సభ్యుడూ తలుపు తట్టడు. విరాళాల పేజీలో శవాన్ని ఊరికి పంపడానికి డబ్బు పోగవుతుంది. ఆ పేజీ మూసేశాక భార్యాపిల్లల హోదా ఏమైందో ఎవరూ అడగరు.

ఉద్యోగం పోయినా అంతే. 2017 జనవరి నుంచి అమలైన నియమం ప్రకారం ఉద్యోగం ఊడిన హెచ్-1బి మనిషికి అరవై రోజుల గడువు. 2022, 2023ల్లో పెద్ద కంపెనీలు వేలమందిని తీసేసినప్పుడు ఆ అరవై రోజుల్లో కొత్త కంపెనీని వెతుక్కోవాలి, లేదా స్కూలు సంవత్సరం మధ్యలో పిల్లల్ని తీసుకుని, ఇంటి అప్పు అలాగే వదిలి బయల్దేరాలి.

పిల్లల దగ్గర ఇది మరీ క్రూరంగా ఉంటుంది. మనం అనుకున్న ఆ టౌన్‌హోమ్‌లోని పెద్దమ్మాయికి ఇరవై ఒకటి నిండేసరికి తండ్రి గ్రీన్‌కార్డు రాకపోతే ఆమె హెచ్-4 ముగుస్తుంది. అక్షరాభ్యాసం నుంచి ఇక్కడే చదివిన పిల్ల, విదేశీ విద్యార్థిగా ఎఫ్-1 తీసుకోవాలి, ఆ పైన హెచ్-1బి లాటరీకి వెళ్ళి, తండ్రి మొదలుపెట్టిన చోటే మొదలుపెట్టాలి. లేదంటే సెలవులకి తప్ప ఎరగని హైదరాబాదుకి వెళ్ళాలి. ఇలాంటి పిల్లలు రెండున్నర లక్షలమంది ఉన్నారని అంచనా. 2012లో ఒబామా తెచ్చిన డాకా, పత్రాలు లేకుండా వచ్చిన పిల్లలకి రక్షణ ఇచ్చింది. పత్రాలతో వచ్చినవాళ్ళకి ఇవ్వలేదు. ఇల్లినాయ్‌లో పెరిగిన దీప్ పటేల్ అనే యువకుడు ఇంప్రూవ్ ద డ్రీమ్ అనే సంస్థ పెట్టి ఈ విషయాన్ని వాషింగ్టన్ దాకా తీసుకెళ్ళాడు. 2021లో కాంగ్రెస్ ముందుకు వచ్చిన అమెరికాస్ చిల్డ్రన్ యాక్ట్ వెనక ఉన్న శ్రమ ఈ పిల్లలదే. ఆ బిల్లు ఇంకా చట్టం కాలేదు. 2023 ఫిబ్రవరిలో వయసు లెక్కకట్టే తేదీని కొంచెం ముందుకి జరిపి ప్రభుత్వం కొందరికి ఊరటనిచ్చింది. 2025 ఆగస్టు 15న దాన్ని వెనక్కి తీసుకుంది.

పుట్టబోయే బిడ్డలనూ వదల్లేదు. 2025 జనవరి 20న, పదవి చేపట్టిన రోజే ట్రంప్ సంతకం పెట్టిన ఉత్తర్వు ప్రకారం, తల్లి తాత్కాలిక వీసా మీద ఉండి తండ్రి పౌరుడో గ్రీన్‌కార్డుదారో కాకపోతే, అమెరికా గడ్డ మీద పుట్టిన బిడ్డకి పౌరసత్వం ఉండదు. హెచ్-1బి, హెచ్-4 దంపతులు సూటిగా ఇందులోకి వస్తారు. ఉత్తర్వు అమలయ్యే ఫిబ్రవరి గడువులోపే సిజేరియన్ చేయమని భారతీయ దంపతులు డాక్టర్లని అడుగుతున్నారని అప్పట్లో వార్తలొచ్చాయి. ఎనిమిదో నెల గర్భిణి ముహూర్తం కోసం కాదు, ఉత్తర్వు తేదీ కోసం కాన్పు చేయించుకోవాలని అడిగిందంటే ఆ ఇంట్లో ఎంత భయం ఉండాలి! సియాటిల్ జడ్జి జాన్ కఫనౌర్ మూడో రోజే ఆ ఉత్తర్వుని ఆపారు. దేశమంతటికీ వర్తించే స్టేలు ఇచ్చే అధికారం కింది కోర్టులకి లేదని జూన్ 27న సుప్రీంకోర్టు అంది. జూలైలో న్యూహాంప్‌షైర్‌లో ఇంకో జడ్జి క్లాస్ యాక్షన్ దారిలో మళ్ళీ ఆపారు. డిసెంబరు 5న సుప్రీంకోర్టు అసలు ప్రశ్ననే విచారణకు తీసుకుంది. వాంగ్ కిమ్ ఆర్క్ అనే చైనీయుల బిడ్డ అమెరికా పౌరుడే అని 1898లోనే తేల్చిన సంగతిని మళ్ళీ తవ్వడం అలా మొదలైంది.

2025 సెప్టెంబరు 19 శుక్రవారం సాయంత్రం మనవాళ్ళెవరూ మరిచిపోరు. హెచ్-1బి మీద లక్ష డాలర్ల ఫీజని ప్రకటన, అంటే సుమారు 88 లక్షల రూపాయలు. ఆదివారం తెల్లవారితే అమలు. ఏటేటా కట్టాలని వాణిజ్యమంత్రి హోవర్డ్ లట్నిక్ అన్నారు. ఆ ఆదివారం మహాలయ అమావాస్య, తెలంగాణలో ఎంగిలిపూల బతుకమ్మ. దసరాకని ఊరికి బయల్దేరినవాళ్ళు విమానాశ్రయాల్లో ఉన్నారు, కొందరు అప్పటికే ఊళ్ళో ఉన్నారు. మైక్రోసాఫ్ట్, అమెజాన్ లాంటి కంపెనీలు బయట ఉన్నవాళ్ళని వెంటనే తిరిగి రమ్మని, లోపల ఉన్నవాళ్ళని కదలొద్దని సందేశాలు పంపాయి. శాన్‌ఫ్రాన్సిస్కోలో ఎక్కిన విమానం దిగిపోయినవాళ్ళున్నారు. మర్నాడు వైట్‌హౌస్ చెప్పింది: ఇది కొత్త దరఖాస్తులకే, ఒక్కసారే, ఇప్పటికే వీసా ఉన్నవాళ్ళకి కాదు అని. అక్టోబరు 20న, దేశం లోపలే హోదా మార్చుకునే విద్యార్థులకి వర్తించదని ఇంకో వివరణ. రెండు రోజుల భయానికి ఎవరూ క్షమాపణ చెప్పలేదు. రాత్రికి రాత్రి ఏమైనా జరగొచ్చన్న పాఠం మాత్రం ప్రతి ఇంట్లోనూ మిగిలింది.

ఇక స్టాంపింగ్, అంటే పాస్‌పోర్టులో వీసా వేయించుకోవడం. సెప్టెంబరు 2 నుంచి, ఇంటర్వ్యూ లేకుండా వీసా ఇచ్చే డ్రాప్‌బాక్స్ దాదాపుగా పోయింది. పసిపిల్లలూ ఎనభై దాటినవాళ్ళూ కూడా ఇంటర్వ్యూకి రావాల్సిందే. మూడో దేశంలో స్టాంపింగ్ దారి కూడా మూసుకుపోయింది. డిసెంబరు 15 నుంచి హెచ్-1బి, హెచ్-4 వాళ్ళ సోషల్ మీడియా ఖాతాలు పరిశీలించడం మొదలెట్టి, ఇచ్చిన అపాయింట్‌మెంట్లని నెలల తరబడి వెనక్కి నెట్టారు. డిసెంబరు సెలవుల్లో పెళ్ళిళ్ళకని నానక్‌రామ్‌గూడ కాన్సులేట్‌లో తేదీ పెట్టుకుని వెళ్ళినవాళ్ళు మార్చి దాకా, ఆ పైదాకా ఇండియాలోనే ఇరుక్కుపోయారు. జనవరిలో పిల్లలకి స్కూళ్ళు మొదలయ్యాయి. నీలం పాస్‌పోర్టు ఉన్న పిల్లవాడు వెళ్ళొచ్చు, వాడిని తీసుకెళ్ళే తల్లి వెళ్ళలేదు.

దీని అసలు మూల్యం చెల్లించేది ఊళ్ళో ఉన్న పెద్దవాళ్ళు. నాన్నకి బాగోలేదని ఫోనొస్తే వెళ్ళాలా వద్దా అని కొడుకు లాయరుని అడుగుతున్నాడు. వెళ్ళడం కష్టం కాదు, తిరిగి రావడం నమ్మకం లేదు. తలకొరివి పెట్టాల్సిన చేతులు ఫోన్ పట్టుకుని వీడియోలో దహనం చూస్తున్నాయి. తండ్రి దినాలకి ఊళ్ళో ఉండాల్సినవాళ్ళు అరోరా గుడిలో పురోహితుణ్ణి అడిగి తర్పణాలు వదులుతున్నారు. చిలుకూరు బాలాజీ చుట్టూ పదకొండు ప్రదక్షిణలు చేసి, వీసా వచ్చాక నూట ఎనిమిది చేసి పంపించింది ఆ తండ్రులే.

చదువుల దారిలో వచ్చే పిల్లల గురించి రాయకపోతే ఈ సమీక్ష సగమే. 2023-24లో అమెరికాలో భారతీయ విద్యార్థులు 3,31,000 దాటి చైనాని మించారు. ముప్పై నలభై లక్షల అప్పు మీద వచ్చే ఈ పిల్లల్లో మన రెండు రాష్ట్రాల వాటా చాలా పెద్దది. 2011లో కాలిఫోర్నియాలో ట్రై వ్యాలీ యూనివర్సిటీ మూతపడ్డప్పుడు తెలుగు విద్యార్థుల కాళ్ళకి రేడియో పట్టీలు కట్టారు. 2019 జనవరిలో మిషిగన్‌లో ఫార్మింగ్టన్ యూనివర్సిటీ పేరుతో ప్రభుత్వమే ఒక దొంగ కాలేజీ నడిపి, అందులో చేరినవాళ్ళలో 130 మందిని పట్టుకుంది. 129 మంది భారతీయులు, ఎక్కువమంది మన పిల్లలు. 2025 ఏప్రిల్‌లో ట్రాఫిక్ కేసులాంటి చిన్న కారణాలకి కూడా వేలమంది విద్యార్థుల రికార్డుల్ని తొలగించి, కోర్టులు అడ్డుపడ్డాక నెలాఖరుకి తిరిగి చేర్చారు. ఆ శరత్కాలంలో కొత్తగా చేరిన విదేశీ విద్యార్థులు 17 శాతం తగ్గారు.

అన్ని తప్పులూ అటువైపే లేవు. ఫార్మింగ్టన్‌లో కమీషన్ తీసుకుని తోటి తెలుగు పిల్లల్ని చేర్పించిన దళారులు తెలుగువాళ్ళే. బెంచ్ మీద కూర్చోబెట్టి జీతం ఎగ్గొట్టిన కన్సల్టెన్సీలు, లేని అనుభవాన్ని రెజ్యూమేలో పెట్టినవాళ్ళు మనలోనే ఉన్నారు. 2024 ఆర్థిక సంవత్సరపు లాటరీకి వచ్చిన 7,80,000 రిజిస్ట్రేషన్లలో నాలుగు లక్షల పైన ఒకే మనిషి పేరు మీద రెండేసి మూడేసి వేసినవి. ఎన్ని వేసినా ఒక మనిషికి లాటరీలో ఒక్క అవకాశమే అని నియమం మార్చగానే మరుసటి ఏడు సంఖ్య 4,80,000కి పడిపోయింది. ఆ మార్పు కఠినమే, కానీ న్యాయమైంది. నిజాయితీగా ఒక్క దరఖాస్తు పెట్టుకున్న పిల్లకి దానివల్ల మేలే జరిగింది. 2015 ప్రాంతంలో డిస్నీలో, సదరన్ కాలిఫోర్నియా ఎడిసన్‌లో తమ ఉద్యోగం పోయేముందు తమ స్థానంలో వచ్చేవాళ్ళకి పని నేర్పించాల్సి వచ్చిన అమెరికన్ల కోపాన్ని కూడా తేలిగ్గా తీసిపారేయలేం. నియమాలు గట్టిగా ఉండటం మీద నాకు ఫిర్యాదు లేదు. ఒక నియమాన్ని నమ్మి పదిహేనేళ్ళు బతికినవాళ్ళ మీద, మధ్య దారిలో ఇంకో నియమం పెట్టడం మీద ఉంది.

మళ్ళీ రెండు అరోరాల దగ్గరికి. కొలరాడో అరోరాలో జియో గ్రూప్ అనే ప్రైవేటు కంపెనీ నడిపే నిర్బంధ కేంద్రం ఉంది. నలుగురు పిల్లల తల్లి జానెట్ విస్గెర్రా 2017లో దేశం నుంచి పంపేయకుండా డెన్వర్‌లో ఒక చర్చిలో తలదాచుకుని దేశమంతా తెలిసిన మనిషి. 2025 మార్చి 17న ఆమెను ఆమె పనిచేసే దుకాణం దగ్గర పట్టుకుని ఈ కేంద్రంలో పెట్టారు. డిసెంబరులో బాండు మీద బయటికి వచ్చారు. పిల్లల్లో ముగ్గురు పుట్టుకతో అమెరికా పౌరులు. అదే ఊళ్ళో వెనిజులా కుటుంబాలకి ఉన్న తాత్కాలిక రక్షణను ప్రభుత్వం రద్దు చేస్తే, మే 19న సుప్రీంకోర్టు దానికి దారి ఇచ్చింది. దేశం మొత్తం మీద మూడున్నర లక్షలమంది పని అనుమతి, ఉండే అనుమతి ఒకేసారి ప్రశ్నార్థకమయ్యాయి. ఇళ్ళు, పిల్లలు, గడువు తేదీ. రూట్ 59 పక్క ఇంట్లో భయానికీ దీనికీ తీవ్రతలో చాలా తేడా ఉంది, స్వభావంలో లేదు.

ఇల్లినాయ్ అరోరాలోనే ఆ తేడా వీధుల్లో కనబడుతుంది. రాష్ట్రంలో రెండో పెద్ద ఊరు, లక్షా ఎనభై వేల జనాభా, పదిమందిలో నలుగురికి పైగా లాటినోలు. నూరేళ్ళ కిందట రైల్వే పనికి వచ్చిన మెక్సికన్ కుటుంబాల వారసులు తూర్పు అరోరాలో ఉన్నారు. మనవాళ్ళు కొత్త సబ్‌డివిజన్లలో, మంచి స్కూలు డిస్ట్రిక్టు చూసుకుని స్థిరపడ్డారు. ఈ రెండు వర్గాలూ కలిసేది మన పచ్చిక కోయించుకునేటప్పుడో, ఇంటి కప్పు వేయించుకునేటప్పుడో తప్ప తక్కువ. 2025 సెప్టెంబరు 8న షికాగో ప్రాంతంలో వలసదారుల్ని పట్టుకునే ఆపరేషన్ మిడ్‌వే బ్లిట్జ్ మొదలైంది. అదే రోజు లాస్ఏంజిలస్ కేసులో, రంగు, భాష, చేసే పని లాంటివి చూసి జనాన్ని ఆపడానికి అడ్డుగా ఉన్న కింది కోర్టు ఆదేశాన్ని సుప్రీంకోర్టు నిలిపేసింది. పద్దెనిమిదేళ్ళు నిండిన ప్రతి విదేశీయుడూ రిజిస్ట్రేషన్ రుజువు వెంట ఉంచుకోవాలన్న నియమం ఏప్రిల్ 11 నుంచే గట్టిగా అమలులో ఉంది. ఇప్పుడు మన ఇళ్ళల్లో కూడా వాకింగ్‌కి వెళ్ళే మామ్మగారి చేతి సంచిలో పాస్‌పోర్టు కాపీ, ఐ-94 ప్రింటు పెట్టి పంపుతున్నారు. ఆమె మన ఇంటికి ఆరు నెలలకని వచ్చిన మనిషి. ఆపి అడిగితే జవాబు చెప్పే ఇంగ్లీషు ఆమెకి లేదు.

చట్టాలు మార్చే ప్రయత్నం జరగలేదని కాదు. దేశాల వారీ పరిమితి ఎత్తేసే బిల్లు 2019 జూలై 10న ప్రతినిధుల సభలో 365-65తో గెలిచింది. సెనేట్‌లో అడ్డుపడినవాళ్ళలో ఒకరు ఇల్లినాయ్ సెనేటర్ డిక్ డర్బిన్. మనవాళ్ళు ఆయన మీద ఎంత మండిపడ్డారో నాకు గుర్తుంది. అప్పట్లో ఆ కోపం సరైందే అనిపించినా, ఆయన వాదనలో పస ఉంది. మొత్తం కోటా పెంచకుండా పరిమితి మాత్రమే తీసేస్తే లైను మన దగ్గర తగ్గి, ఇంకో దేశంవాళ్ళ దగ్గర పెరుగుతుంది. 2020 డిసెంబరులో సెనేట్ వేరే రూపంలో ఆమోదించింది, రెండు రూపాలూ కలవలేదు, బిల్లు పోయింది. మొత్తం కోటా పెంచే దారి ఒకటి చట్టంలోని అంకె పెంచకుండానే ఉంది: 1,40,000 లెక్కలో ఉద్యోగిని మాత్రమే పట్టి, భార్యాపిల్లల్ని విడిగా వదిలేయడం. అదొక్కటి చేస్తే లైన్లో సగానికి పైగా తలలు తగ్గుతాయి.

తానా, ఆటా లాంటి తెలుగు సంఘాల మహాసభల వేదికల మీదకి ప్రతిసారీ గవర్నర్లూ కాంగ్రెస్ సభ్యులూ వస్తారు, శాలువా కప్పించుకుంటారు, మన పిల్లల స్పెల్లింగ్ బీ గెలుపుల్ని మెచ్చుకుంటారు. మనం ఫొటోలు దిగుతాం. ఆ రెండు నిమిషాల్లో అడగాల్సినవి ఉన్నాయి. భార్యాపిల్లల్ని కోటాలో కలపొద్దని, పిల్లల వయసుని తండ్రి ప్రయారిటీ డేట్ దగ్గరే ఆపాలని, ప్రాథమిక దరఖాస్తుదారు చనిపోతే కుటుంబానికి వాళ్ళ చోటు లైన్లో అలాగే ఉంచాలని, దరఖాస్తు పెండింగులో ఉన్నంతకాలం పని అనుమతి ఆగకూడదని. వీటిలో ఏదీ ఎవరి ఉద్యోగాన్నీ లాక్కోదు. ఇవి అడిగేటప్పుడు తూర్పు అరోరా వాళ్ళని పక్కన నిలబెట్టుకుంటే బలం పెరుగుతుంది, ఎందుకంటే ఓట్లు వాళ్ళకి ఎక్కువ, గ్రీన్‌కార్డు లైన్లో ఉన్న మనవాళ్ళకి ఒక్కటీ లేదు. 2026 ఎన్నికల్లో పోటీ చేయనని డర్బిన్ 2025 ఏప్రిల్‌లోనే చెప్పారు. ఆ సీటు కోరుకునే ప్రతివారూ బాలాజీ గుడికి వస్తారు. పౌరసత్వం ఉన్న మన పెద్దలు, 1965 చట్టం తలుపు తెరిస్తే కుటుంబాలతో వచ్చినవాళ్ళు, హుండీ దగ్గర ఫొటోకి నిలబడే ముందు ఈ నాలుగు ప్రశ్నలకీ వాళ్ళ దగ్గర రాతపూర్వకంగా జవాబు తీసుకోవాలి.